మెస్రం: ఒక ఇంటిపేరు వెనుక

మన హాస్టల్ హాజరు రిజిస్టరులో ఒకే ఇంటిపేరు పక్కపక్కనే రెండుసార్లు ఉన్న రోజులున్నాయి. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి మాట ఇది. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు వార్డెన్ సారు పేర్లు పిలుస్తుంటే "మెస్రం" అనగానే రెండు గొంతులు ఒక్కసారే "ఉన్నాను సార్" అనేవి. ఒకడు ఇంద్రవెల్లి వైపు గూడెం నుండి వచ్చినవాడు. ఇంకొకడు మహారాష్ట్ర సరిహద్దు ఊరి నుండి వచ్చినవాడు. ఇద్దరి ట్రంకుపెట్టెలూ ఒకే గదిలో ఒకే కిటికీ కింద ఉండేవి. పొడుగును బట్టి మేము వాళ్లను పెద్ద మెస్రం, చిన్న మెస్రం అని పిలిచేవాళ్లం. ఇంటిపేరు ఒకటే కదా, ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలై ఉంటారని చాలా రోజులు అనుకున్నాం.

తీరా తెలిసిందేమంటే పెద్ద మెస్రం గోండు, అంటే షెడ్యూల్డు తెగ. చిన్న మెస్రం మహార్, అంటే షెడ్యూల్డు కులం. ఒకరి ఇంట్లో గోండి మాట్లాడతారు, ఇంకొకరి ఇంట్లో మరాఠీ. ఒకరి గోడకు నాగోబా పటం, ఇంకొకరి గోడకు బుద్ధుడు, అంబేడ్కర్ పటాలు. ఇద్దరికీ బంధుత్వం లేదు, పిల్లనిచ్చి పుచ్చుకోవడమూ లేదు. హాస్టల్‌లో మాత్రం ఒకే పళ్లెంలో తిన్నారు.

ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఫారాలు పంపినప్పుడు చిక్కు వచ్చింది. ఫారాలు చూసిన గుమాస్తా ఒకాయన రెండింటినీ పక్కన పెట్టేశాడు. "ఇంటిపేరు ఒక్కటే ఉన్నది. ఒకడు ఎస్సీ, ఒకడు ఎస్టీ ఎట్లయితరు? ఇండ్ల ఒకటి తప్పుడు సర్టిఫికెట్" అన్నాడట. ఆ ఫారాలు బల్ల మీద ఎంతకాలం ఉన్నాయో గానీ మా అందరి డబ్బులు వచ్చి, ఖర్చయిపోయి, మర్చిపోయిన తరవాత వాళ్లిద్దరి డబ్బులు వచ్చాయి. ఈలోపు చిన్న మెస్రం వాళ్ల నాయిన వచ్చి, చదువు చాలు, పత్తి ఏరే పని ఉంది, ఇంటికి పోదాం పద అని పెట్టె కూడా నెత్తిన పెట్టుకున్నాడు. వార్డెన్ సారు గేటు దగ్గర ఆపి నచ్చజెప్పబట్టి ఆగాడు.

వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామని మేము కూర్చున్నప్పుడు అందరికీ ముందుగా గుర్తొచ్చింది ఈ సంగతే. ఆ గుమాస్తా అడిగిన ప్రశ్న తప్పు కాదు. జవాబు తెలుసుకోకుండా ఫారాలు పక్కన పెట్టడం తప్పు. ఆ జవాబేమిటో ఆలస్యంగానైనా మన హాస్టల్ పుస్తకంలో ఉండాలనిపించింది. అందుకే మొన్న పెద్ద మెస్రంను వెంటబెట్టుకుని మళ్లీ కేస్లాపూర్ వెళ్లి, పెద్దల దగ్గర కూర్చుని వచ్చాం.

తెలుగువాళ్లలో ఇంటిపేరంటే చాలావరకు ఊరి పేరో, వృత్తి పేరో, ఎప్పటిదో ఒక తాతగారి పేరో అయి ఉంటుంది. ఒక ఊరి నుండి వలస వచ్చిన కుటుంబాన్ని కొత్త ఊరివాళ్లు పాత ఊరి పేరుతో పిలుస్తారు, అదే నిలిచిపోతుంది. మన హాస్టల్ జాబితాలో సగం ఇంటిపేర్లు ఇలాంటివే. ఆ పేరు ఎక్కడి నుండి వచ్చారో చెబుతుంది, ఎవరిని పూజించాలో చెప్పదు. గోండుల ఇంటిపేరు అలా కాదు. దానిని గోండిలో 'పారి' అంటారు. పారి చెప్పగానే ఎదుటివాడికి నీ దేవుళ్లు ఎందరో, నీకు ఎవరు వరసైనవాళ్లో, ఎవరిని పెళ్లి చేసుకోకూడదో తెలిసిపోతుంది. అంటే మనం ఇంటిపేరు, గోత్రం, ఇలవేలుపు అని మూడు ముక్కలుగా చెప్పుకునేది వాళ్లకు ఒక్క మాటలో ఉంటుందన్నమాట.

దీని మూలం గోండుల పురాణకథలో ఉంది. శంభు మహాదేవుడు గోండు దేవతలను ఒక గుహలో బంధించి దానికి రాయి అడ్డం పెట్టాడట. పహండి కుపార్ లింగల్ అనే మహాపురుషుడు, జంగుబాయి తల్లి సాయంతో వాళ్లను విడిపించాడు. బయటికి వచ్చినవాళ్లను లింగల్ గుంపులుగా విడదీసి ఎవరి దేవుళ్లను వాళ్లకు అప్పగించి ఎవరు ఎవరితో వియ్యమందాలో కట్టడి చేశాడు. ఆ గుంపులే సగలు. నాలుగు దేవుళ్ల సగ, ఐదు దేవుళ్ల సగ, ఆరు దేవుళ్ల సగ, ఏడు దేవుళ్ల సగ అని నాలుగు. ఒక్కో సగ కింద ఎన్నో పారులుంటాయి. ఒకే సగలోని పారులన్నీ అన్నదమ్ములే కనుక వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. మెస్రం ఏడు దేవుళ్ల సగకు చెందిన పారి. అందుచేత మెస్రం అబ్బాయికి ఏడు దేవుళ్ల సగలో ఏ ఇంటిపేరున్న అమ్మాయైనా చెల్లెలో అక్కో అవుతుంది. "మాకు పిల్లను చూడబోయేటప్పుడు ముందు అడిగేది కట్నం కాదు, ఎన్ని దేవుళ్లని" అని పెద్ద మెస్రం నవ్వుతూ చెప్పాడు. మాలో ఒకడు వెంటనే "మరి కట్నం ఎప్పుడు అడుగుతరు?" అన్నాడు, ఆ సంగతి ఇక్కడ వద్దు.

కొన్ని పారుల పేర్లలో చెట్ల పేర్లు ఉన్నాయి. టేకాం అనే పేరులో టేకు చెట్టుంది. మర్కాం అనే పేరులో మామిడి ఉంది, గోండిలో మామిడిని మర్కా అంటారు. ఆ పేరున్నవాళ్లు ఆ చెట్టును గౌరవిస్తారు. మెస్రం పేరుకు తోడుగా ఉన్నది మాత్రం చెట్టు కాదు, పాము. ఆ పాము పేరే నాగోబా.

ప్రతి పారికీ పెర్స పేన్ అనే పెద్ద దేవుడుంటాడు. దానికి గుడీ విగ్రహమూ అక్కర లేదు. ఇనుప ఈటె మొన, చవరం అంటే జడలబర్రె తోక కుచ్చు, ఇవే దేవుడి గుర్తులు. కటోడా అనే పూజారి వాటిని కాపాడతాడు. ఇంటిలో మనిషి చనిపోతే కర్మకాండ తరవాత పెర్స పేన్‌లో కలిసిపోతాడని నమ్మకం. కాబట్టి పెర్స పేన్ అంటే ఆ ఇంటిపేరు మోసిన పూర్వీకులందరూ అని కూడా అర్థం. మాకు ఈ మాట విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. హాస్టల్ రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టేసి మళ్లీ రాసిన రెండక్షరాల వెనుక ఇంతమంది ఉన్నారా అనిపించింది.

ఇక నాగోబా సంగతి. కథలు ఒక్కో నోట ఒక్కో తీరుగా ఉంటాయి. మేము విన్నది ఇది. మెస్రం వంశంలో ఒక తల్లికి పాము రూపంలో కొడుకు పుట్టాడు. ఆమె తన అన్న కూతురు గౌరినిచ్చి ఆ నాగరాజుకు పెళ్లి చేసింది. కోడలు పామును బుట్టలో పెట్టుకుని బయలుదేరింది. దారిలో నాగరాజు మనిషి రూపం చూపించి, మళ్లీ పామై మాయమయ్యాడు. గౌరి వెతుక్కుంటూ వెళ్లి చివరికి గోదావరిలో కలిసిపోయింది. నాగరాజు కేస్లాపూర్ చేరి పుట్టలో వెలిశాడు. అందుకే నాగోబాకు గోదావరి నీళ్లే కావాలి. ఆ నీళ్లు తెచ్చే బాధ్యత మెస్రం ఇంటిపేరున్నవాళ్లది.

కేస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో ఉంది. ఏటా పుష్య మాసంలో నెలవంక కనబడగానే మెస్రం పెద్దలు అక్కడ కలుస్తారు. కటోడా, ప్రధాన్ కలిసి చిన్న ఎడ్లబండి మీద మెస్రం వాళ్లున్న ఊళ్లకు జాతర కబురు తీసుకుని వెళతారు. ఆ బండిని ఛకడా అంటారు. పూజకు కావలసిన కుండలు సిరికొండలోని కుమ్మరుల దగ్గర చేయిస్తారు. తరవాత తెల్లబట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా, వరసగా కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వెళ్లి గోదావరి నీటిని ఝారీలో నింపుకుంటారు. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ మడుగు మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది గానీ నడిచేవాళ్లకు జిల్లా హద్దుతో పనిలేదు. తిరిగి వస్తూ ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్‌లో పెద్ద మర్రిచెట్ల కింద బస చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీటితో మహాపూజ జరుగుతుంది. జాతర అక్కడి నుండి మొదలు.

మర్రిచెట్ల కింద బస చేయడంలో ఒక సంగతి మాకు బాగా నచ్చింది. మెస్రం వంశంలో 22 కితలున్నాయి. కిత అంటే ఇంటిపేరులో కొమ్మలాంటిది, ఒక్కో తాత సంతానం అనుకోండి. వేలమంది వచ్చినా నైవేద్యం వండే పొయ్యిలు మాత్రం 22. ఏ కితవాళ్లు ఆ కిత పొయ్యి దగ్గరికే చేరాలి. ఉద్యోగం చేసేవాడైనా, కూలి చేసేవాడైనా, తన పొయ్యి ఏదో తెలియకపోతే అక్కడ ఆకలితో నిలబడాల్సిందే. మేమంతా నవ్వాం గానీ, మాలో తాత పేరుకు పైన ఇంకొక పేరు చెప్పగలిగినవాళ్లు ఇద్దరే తేలారు.

ఆడపడుచులకు, అల్లుళ్లకు కూడా అక్కడ పని ఉంది. అల్లుళ్లు మట్టి తొక్కుతారు, ఆడపడుచులు కొత్త కుండలతో నీళ్లు తెచ్చి ఆ మట్టితో పుట్టలు చేస్తారు. పెళ్లయి వేరే ఇంటిపేరులోకి వెళ్లిన ఆడపిల్ల పుట్టింటి దేవుడి పుట్ట కట్టడానికి మళ్లీ రావాలన్నమాట. అలాగే మెస్రం ఇంటికి వచ్చిన కొత్త కోడళ్లను నాగోబా ముందు పెట్టి పరిచయం చేస్తారు. దీనిని భేటింగ్ అంటారు. కొత్త కోడలిని గోండిలో 'భేటి కొరియాడ్' అంటారు. తెల్లచీర కట్టుకుని, ముఖం కనబడకుండా ముసుగు వేసుకుని, రాత్రిపూట పెద్దవాళ్ల వెంట వరసగా వస్తారు. ఆ భేటి జరిగేవరకు ఆమె నాగోబా పూజలో పాలు పంచుకోకూడదు. మనకు పెళ్లికాగానే ఆధార్ కార్డులో ఇంటిపేరు మార్చేస్తారు. అక్కడ దేవుడి ముందు నిలబడితే గానీ ఇంటిపేరు మారినట్టు కాదు.

మేము ఎనిమిదో తరగతిలో మొదటిసారి వెళ్లినప్పుడు ఇవేవీ అర్థం కాలేదు. వార్డెన్ సారు రెండు రోజులు సెలవిస్తే బస్సు టాపు మీద కూర్చుని వెళ్లాం. రంగులరాట్నం ఎక్కి, జిలేబి తిని, చలికి వణికి వచ్చేశాం. మొన్న వెళ్లినప్పుడు కొత్త రాతిగుడి చూశాం. మెస్రం కుటుంబాలవాళ్లు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్న గుడి అది. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది.

ఇప్పుడు రాత సంగతికి వద్దాం. పెద్ద మెస్రం పేరు హాస్టల్ రిజిస్టరులో 'మేస్రాం' అని, కులం సర్టిఫికెట్‌లో 'మెస్రం' అని ఉండేది. పదో తరగతి మెమోలో 'మిశ్రమ్' అని వచ్చింది. సైన్సు సారు మిశ్రమాలు, సంయోగ పదార్థాల పాఠం చెప్పిన రోజు వాడి బతుకు ఎలా గడిచిందో మీరే ఊహించుకోండి. అప్పుడు మాకు అది తమాషా. ఇంటర్ అడ్మిషన్‌లో మూడు కాగితాలు మూడు మనుషులవని అన్నప్పుడు తమాషా పోయింది.

ఇన్ని రాతలు ఎందుకొచ్చాయో చెప్పుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ ప్రాంతం 1948 వరకు నిజాం పాలనలో ఉండేది. సర్కారు భాష ఉర్దూ. పట్టాలు, పహాణీలు ఉర్దూలోనే రాసేవారు. ఉర్దూ లిపిలో హ్రస్వ అచ్చులకు మామూలుగా గుర్తులు పెట్టరు. రాసినవాడికి ఆ మాట తెలిస్తే సరిగా చదువుతాడు. తెలియనివాడు మెస్రాం అన్నదాన్ని మస్రాం అనీ, మిస్రాం అనీ కూడా చదవగలడు. ఆ ఉర్దూ కాగితాన్ని చూసి తరవాత ఒకరు తెలుగులో ఎక్కించారు, సరిహద్దు అవతల ఇంకొకరు మరాఠీలో ఎక్కించారు. దానిని ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చారు. ఇంగ్లీషు నుండి కంప్యూటరు మళ్లీ తెలుగు చేసింది. ఇన్ని గిన్నెలు మారిన పాలు చివరికి ఏ రుచి ఉంటాయో అంతే.

ఇది చిన్నవాళ్ల ఇంటిపేర్లకే జరిగిందనుకోకండి. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తుపాకులకు బలైన వీరుడి ఇంటిపేరు గోండుల్లో కుమ్ర. తెలుగులో అది కుమ్రం అయింది, కొమరం అయింది, కొమురం అయింది. కొమురయ్య, కొమురవ్వ అనే పేర్లు మనకు అలవాటు కాబట్టి ఆ అచ్చులోకి దించేశాం. సాహు, అల్లం రాజయ్య రాసిన నవల పేరు 'కొమురం భీం'. 2016లో ఆయన పేరు మీద జిల్లా ఏర్పడినప్పుడు కుమురం భీం అని రాశారు. ఒకే మనిషి పేరు బోర్డుల మీద, పుస్తకాల్లో మూడు నాలుగు రకాలుగా కనిపిస్తుంది.

గోండు పేర్లను శ్రద్ధగా విని రాసినవారిలో హైమెన్‌డార్ఫ్ దొరను చెప్పుకోవాలి. ఆయన ఆస్ట్రియా దేశంలో పుట్టిన మానవశాస్త్రవేత్త. భీం చనిపోయిన తరవాత, గోండుల తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆయన సాయం తీసుకుంది. ఆయన మార్లవాయి గూడెంలో భార్యతో కలిసి గుడిసెలో ఉండి పారులు, సగలు, పెర్స పేన్‌ల వివరాలన్నీ రాసుకున్నాడు. 1948లో ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద పుస్తకం వేశాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడి గోండి వాచకాలు దేవనాగరి లిపిలో ఉండేవి. కేస్లాపూర్ జాతరలో అధికారులు వచ్చి జనం గోడు వినే దర్బారు కూడా 1940లలో ఆయన చొరవతో మొదలై ఇప్పటికీ సాగుతోంది. మా తరంవాళ్లు పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చదువుకోలేదు. మార్లవాయిలో ఆయన భార్య సమాధి ఉంది, చూడనివాళ్లు చూసి రండి.

సరిహద్దు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆదిలాబాద్ జిల్లా నుండి కిన్వట్, రాజురా ప్రాంతాలు అవతలికి వెళ్లాయి. ఇటు ఉన్నవాళ్లు తెలుగు బడిలో మెస్రం అయ్యారు. అటు ఉన్నవాళ్లు మరాఠీ బడిలో మేశ్రామ్ అయ్యారు. అంతేకాదు, మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీవాళ్లు సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. చిన్న మెస్రం నాలుగో తరగతి వరకు అటువైపు బడిలో చదివాడు. టీసీ తీసుకుని ఇటు బడికి వస్తే, మొదట ఉన్నది ఇంటిపేరే కదా అని వాడి సొంత పేరును ఇంటిపేరుగా, చివర ఉన్న మేశ్రామ్‌ను సొంత పేరుగా ఎక్కించారు. ఏడో తరగతి దాకా వాడికి తన పేరు ఒక పొడి అక్షరంగానే మిగిలింది. వార్డెన్ సారు ఇద్దరినీ మెస్రం అని పిలవడానికి అసలు కారణం ఇది.

మరి చిన్న మెస్రం వాళ్లకు ఈ పేరెక్కడిది? విదర్భలో, అంటే నాగపూర్, చంద్రపూర్ వైపు, మహార్లలో మేశ్రామ్ బాగా ఎక్కువగా వినబడే ఇంటిపేరు. మరాఠీ దళిత సాహిత్యం చదివేవారికి కేశవ్ మేశ్రామ్ పేరు తెలుసు. ఆ ప్రాంతం శతాబ్దాలపాటు గోండు రాజుల ఏలుబడిలో ఉంది. చంద్రపూర్ కోట గోండు రాజులదే. గోండులు, మహార్లు ఒకే ఊళ్లలో, ఒకే కొండల కింద బతికారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నప్పుడు విదర్భ మహార్లు లక్షలమంది ఆయన వెంట నడిచారు. చిన్న మెస్రం ముత్తాత ఆ రోజు నాగపూర్ వెళ్లి వచ్చాడని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారు. దేవుళ్లను వదిలేశారు, ఇంటిపేరు మాత్రం వదల్లేదు. బౌద్ధులైన దళితులను 1990లో షెడ్యూల్డు కులాలుగా చట్టం గుర్తించింది. అప్పటి వరకు వాళ్ల కాగితాలకు ఇంకో తిప్పలు ఉండేవి.

మూడో మెస్రం కూడా ఉన్నారు. గోండుల వంశకథలు పాడే ప్రధానులు. కిక్రి అనే తీగల వాద్యం వాయిస్తూ రాత్రంతా కథ చెబుతారు. ప్రతి గోండు ఇంటికీ తరతరాలుగా ఒక ప్రధాన్ కుటుంబం ఉంటుంది. ఆ ప్రధానులకూ అవే పారులు, అవే సగలు. మెస్రం గోండుల కథ చెప్పే ప్రధాన్ కూడా మెస్రమే. వాళ్లు గోండులు కారు, వాళ్లది వేరే షెడ్యూల్డు తెగ. మేము పైన చెప్పిన గౌరి కథా, లింగల్ కథా ఏ కాగితం మీదా లేని రోజుల్లో వాళ్ల గొంతుల్లోనే బతికి ఉన్నాయి. ఒక రకంగా ఈ ఇంటిపేరుకు అసలు రిజిస్టరు వాళ్లే.

కాబట్టి ఆ రోజు గుమాస్తాగారి బల్ల మీద ఉన్న రెండు ఫారాలూ నిజమైనవే. మెస్రం అనే పేరు గోండుల్లో ఉంది, ప్రధానుల్లో ఉంది, మహార్లలో ఉంది. మొదటి ఇద్దరూ ఎస్టీ, మూడోవారు ఎస్సీ. మన దగ్గర కూడా ఒకే ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉండటం ఎంత మామూలో మీకు తెలుసు. కుల ధ్రువీకరణ పత్రాలకు 1993 నుండి ప్రత్యేక చట్టమే ఉంది. విచారణకు వచ్చినవారు చూడవలసింది తల్లిదండ్రుల కులం, సొంత ఊరు, పాత బడి రికార్డు. ఇంటిపేరును మాత్రమే చూసి తేల్చేస్తే పేదవాడి చదువు ఆగిపోతుంది.

ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. బడి అడ్మిషన్ రిజిస్టరులో ఏముంటే పదో తరగతి నామినల్ రోల్స్‌లో అదే వెళుతుంది, మెమోలో అదే వస్తుంది. తరవాత జీవితమంతా అదే. తొమ్మిదో తరగతిలో ఉండగానే మీ కులం సర్టిఫికెట్, ఆధార్ కార్డు తీసుకుని హెడ్‌మాస్టర్ గారి దగ్గరికి వెళ్లి రిజిస్టరులోని అక్షరాలతో సరిచూసుకోండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. సిగ్గుపడకండి. పెద్ద మెస్రం మెమో దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు బస్సు ఎక్కాడో వాడిని అడిగితే చెబుతాడు. ఆ టికెట్లు ఇప్పటికీ ఫైలులోనే ఉన్నాయి.

మేము కేస్లాపూర్‌లో కూర్చున్న రోజు పెద్దాయన ఒకరు మా నోటుబుక్ తీసుకుని చూశారు. "ఏం రాసినవు బిడ్డా?" అన్నారు. మెస్రం అని తెలుగులో రాసింది చూపించాం. పక్కనే ఉన్న ఆయన మనవడు మా పెన్ను తీసుకుని దాని కింద వేరే అక్షరాలతో ఆ పేరే రాశాడు. అది గుంజాల గోండి లిపి. నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన పాత చేతిరాత ప్రతుల లిపి అది. 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది కాబట్టి కంప్యూటరులో ఎక్కించవచ్చు. ఆ పిల్లవాడు బడిలో సెలవుల్లో నేర్చుకున్నాడట. "తాతా, నీకు చదవొస్తదా?" అని మేము అడిగితే పెద్దాయన "నాకు ఏదీ చదవరాదు. నా పొయ్యి నాకు ఎరికే" అన్నారు.

పెద్ద మెస్రం ఇప్పుడు టీచరు. చిన్న మెస్రం చంద్రపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోనులో ఇద్దరూ ఇప్పటికీ ఒకరినొకరు "మిశ్రమ్" అని పిలుచుకుంటారు. ఈ వ్యాసం వాళ్లిద్దరికీ చదివి వినిపించాకే అచ్చుకు ఇచ్చాం. చిన్న మెస్రం ఒక్క దిద్దుబాటు చెప్పాడు. తన ఇంటిపేరు ఈ సంచికలోనైనా మేశ్రామ్ అని వేయమన్నాడు.

అలాగే వేశాం. ఈ సంచిక చివర పూర్వ విద్యార్థుల జాబితా ఉంది. పేర్లన్నీ పాత హాజరు రిజిస్టర్ల నుండి ఎక్కించినవే కాబట్టి తప్పులు తప్పకుండా ఉంటాయి. వార్డెన్ సారు గది బయట బల్ల మీద ఒక నోటుబుక్ పెట్టాం. మీ ఇంటిపేరు మీరు ఎలా రాస్తారో అందులో రాసి వెళ్లండి. ప్రూఫులు చూడటానికి వచ్చినవాళ్లే ఇప్పటికి పదకొండు మంది రాశారు.